గేటు దగ్గర దొరకని జబ్బు

దగ్గుందా అని అడిగి ఊరుకుంటే క్షయ రోగుల్లో చాలామంది పరీక్షకు చిక్కరు. కిక్కిరిసిన బ్యారక్‌లు, ఏళ్ల తరబడి సాగే విచారణ, ముందు తెలియని విడుదల తోడైతే బస్తర్ జైళ్లలో ఆ పని ఇంకెంత కష్టం?

జైలుకు కొత్తగా వచ్చిన మనిషి గురించి గేటు దగ్గర చాలా విషయాలు రాసుకుంటారు. జేబులో ఎంత డబ్బుంది, ఒంటిమీద ఎక్కడెక్కడ పుట్టుమచ్చలున్నాయి, పాత గాయాలు ఏమున్నాయి, ఎత్తెంత, బరువెంత. ఆ తర్వాత వైద్యాధికారి పరీక్షించాలని జైలు నిబంధనలు చెబుతాయి. క్షయ విషయంలో ఆ పరీక్ష చాలాచోట్ల నాలుగు ప్రశ్నలతో ముగుస్తుంది. దగ్గుందా? జ్వరం వస్తోందా? బరువు తగ్గావా? రాత్రుళ్లు చెమటలు పడుతున్నాయా?

ప్రశ్నలు చిన్నవే. కానీ అడిగేది హిందీలో అయితే, నిలబడ్డ మనిషికి గోండీయో దోర్లీయో తప్ప మరో భాష రాకపోతే జవాబు ఏమొస్తుంది? పైగా పోలీసుల చేతుల్లోంచి అప్పుడే వచ్చినవాడు, ఒంట్లో ఎలా ఉందని యూనిఫారం పక్కనుండగా అడిగితే బాగానే ఉందంటాడు. కాగితం మీద నాలుగుసార్లు 'లేదు' అని పడుతుంది. పొద్దు వాలేసరికి బ్యారక్‌కు తాళం పడుతుంది. మళ్లీ తెల్లారేదాకా లోపలున్న వాళ్లందరిదీ ఒకటే గాలి.

జైళ్లలో క్షయ గురించి ప్రభుత్వాలకు తెలియదని అనడానికి లేదు. 1999 ఫిబ్రవరి 11న జాతీయ మానవ హక్కుల కమిషన్ అన్ని రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులకూ లేఖ రాసింది. కమిషన్ జరిపిన ఒక నమూనా అధ్యయనం ప్రకారం, వృద్ధాప్యం వల్ల సంభవించినవి మినహాయిస్తే, జ్యుడీషియల్ కస్టడీలోని మరణాల్లో దాదాపు 79 శాతానికి కారణం క్షయే. ఉరిశిక్ష పడ్డవాడి ప్రాణం కోసం మూడు కోర్టులు, రాష్ట్రపతి దాకా ఆలోచించే దేశంలో, ఇంకా నేరం రుజువు కానివాళ్లను కూడా ఒక బాక్టీరియా ఇంత సులువుగా తీసుకుపోతోందన్నమాట. జైలుకొచ్చిన ప్రతి ఖైదీనీ వెంటనే పరీక్షించాలని చెబుతూ, అందుకు వాడాల్సిన నమూనా పత్రాన్ని కూడా కమిషన్ రూపొందించి ఇచ్చింది.

ఆ లేఖ వెళ్లిన 14 ఏళ్లకు, 2013 జూలై-డిసెంబర్ మధ్య, పరిశోధకులు 300 జిల్లాల్లోని 157 జైళ్లను చూశారు. క్షయ నిర్ధారణ సౌకర్యం 18 శాతం జైళ్లలోనే ఉంది. చికిత్స 54 శాతం జైళ్లలో దొరుకుతోంది. లోపలికి వచ్చేటప్పుడు ఖైదీలను పరీక్షించేవి దాదాపు సగం. అప్పుడప్పుడూ అందరినీ పరీక్షించేవి దాదాపు 60 శాతం. ఇలా మధ్యమధ్య పరీక్షలు జరిపే జైళ్లలోనే రోగులు ఎక్కువగా బయటపడ్డారని కూడా ఆ అధ్యయనం తేల్చింది. వినడానికి మామూలు మాటే. కానీ రికార్డుల్లో క్షయ రోగి ఒక్కడూ లేని జైలు ఆరోగ్యంగా ఉందనుకోవాలా, అక్కడ ఎవరూ వెతకలేదనుకోవాలా అన్న అనుమానానికి జవాబు అందులోనే ఉంది.

బస్తర్ డివిజన్‌లో జగదల్‌పూర్‌లో కేంద్ర కారాగారం, దంతెవాడ, కాంకేర్‌లలో జిల్లా జైళ్లు ఉన్నాయి. 2005లో సల్వాజుడుం మొదలైనప్పటి నుంచి ఇవి నిండడం తప్ప ఖాళీ అవడం ఎరగవు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2014లో ఛత్తీస్‌గఢ్ జైళ్లలో నూరు మందికి ఉద్దేశించిన చోట 258.9 మంది ఉన్నారు. దేశంలో దాన్ని మించింది చిన్న కేంద్రపాలిత ప్రాంతమైన దాద్రా నగర్ హవేలీ ఒక్కటే. రాష్ట్రం సగటు అది. జగదల్‌పూర్‌లో ఆదివాసీల కేసులు వాదించడానికి 2013లో మొదలైన న్యాయవాదుల బృందం, జగదల్‌పూర్ లీగల్ ఎయిడ్ గ్రూప్, సేకరించిన సమాచారం ప్రకారం కాంకేర్ జైల్లో ఆ రోజుల్లో నిండుదనం 428 శాతం. ఒక మనిషి పడుకునే చోట నలుగురికి పైగా అన్నమాట. 2015 నాటికి రాష్ట్రం సగటు 233.9 శాతానికి దిగింది. ఆ తర్వాత ఇంకా తగ్గింది. అయినా దేశవ్యాప్తంగా చూస్తే 2022లో కూడా జైళ్ల నిండుదనం 131.4 శాతమే. లోపలున్న 5.73 లక్షల మందిలో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలు.

క్షయకు ఈ అంకెలతో నేరుగా సంబంధం ఉంది. నీళ్ల ద్వారానో తిండి ద్వారానో వచ్చే జబ్బు కాదిది. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు వెలువడే సూక్ష్మ తుంపరలు గాలి ఆడని గదిలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి. ఎండ తగిలితే ఆ క్రిమి చస్తుంది. కిటికీ తెరిస్తే పలచబడుతుంది. చికిత్స అందని ఒక రోగి సన్నిహితంగా మెలిగేవారిలో ఏడాదికి 10 నుంచి 15 మందికి దాన్ని అంటించగలడని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతోంది. ఇంట్లోనో పొలంలోనో తిరిగే మనిషి లెక్క అది. రోజుకు పన్నెండు గంటలు తాళం వేసిన గదిలో, పక్కవాడి మోచేయి తగిలేంత దగ్గరగా పడుకునేవాళ్ల సంగతి వేరే చెప్పాలా? క్రిమి సోకిన ప్రతివాడికీ జబ్బు రాదు. జీవితకాలంలో నూటికి ఐదు నుంచి పది మందికే వస్తుంది. కానీ ఆ ప్రమాదం సోకిన మొదటి రెండేళ్లలోనే ఎక్కువ. విచారణ ఖైదీ జైల్లో గడిపేదీ సరిగ్గా అలాంటి రెండేళ్లు, మూడేళ్లే.

ప్రపంచమంతటా కథ ఇదే. 2019లో అన్ని దేశాల జైళ్లలో కలిపి 1,25,105 మందికి కొత్తగా క్షయ వచ్చి ఉంటుందని, అంటే లక్షకు 1,148 చొప్పున అని, 2023లో 'లాన్సెట్ పబ్లిక్ హెల్త్' పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా కట్టింది. బయటి ప్రపంచంతో పోలిస్తే ఇది దాదాపు తొమ్మిది రెట్లు. వాళ్లలో జబ్బుందని తేలింది 53 శాతం మందికే. అదే పత్రికలో 2024లో అచ్చయిన మరో పరిశోధన ఇంకో అడుగు ముందుకేసింది. బ్రెజిల్, పెరూ, మెక్సికో సహా ఆరు లాటిన్ అమెరికా దేశాల్లో 2019 నాటి మొత్తం క్షయ కేసుల్లో నాలుగో వంతుకు పైగా, 27.2 శాతం, జైళ్లతో ముడిపడినవేనని అందులో తేలింది. లోపల పడి ఉన్నవాళ్లు మాత్రమే కాదు. విడుదలై వచ్చినవాళ్లు, వాళ్లనుంచి సోకిన ఇంటివాళ్లు, ఇరుగుపొరుగు కూడా ఆ లెక్కలోకి వస్తారు. 1990లలో రష్యా జైళ్లలో పెరిగిన మందులకు లొంగని క్షయ, ఖైదీలతో పాటే గోడలు దాటి ఊళ్లలోకి వచ్చింది.

ఇక పరీక్ష సంగతి. 2019-21లో భారతీయ వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా జరిపిన క్షయ సర్వేలో ఆసక్తికరమైన విషయం బయటపడింది. నిర్ధారణ అయిన రోగుల్లో 42.6 శాతం మంది, ఛాతీ ఎక్స్‌రే తీయకపోతే తప్పిపోయి ఉండేవాళ్లు. లక్షణాల గురించి అడిగినప్పుడు వాళ్లు పట్టుబడలేదు. లక్షణాలున్నవాళ్లలోనైనా 64 శాతం మంది వైద్యం కోసం ఎక్కడికీ వెళ్లలేదు. ఇది స్వేచ్ఛగా తిరిగే, తన భాషలో జవాబు చెప్పే జనం సంగతి. బీడీ కాల్చేవాళ్లు నిండిన బ్యారక్‌లో దగ్గును ఎవరూ జబ్బుగా చూడరు. జబ్బని ఒప్పుకుంటే వేరే గదిలో ఒంటరిగా పడేస్తారేమో, పక్కవాళ్లు తినే పళ్లెం కూడా ముట్టనివ్వరేమోనన్న భయం ఉంటే దగ్గేవాడు గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గుతాడు. జైల్లో ఆ నాలుగు ప్రశ్నల మీదే ఆధారపడితే ఎంతమంది చేజారిపోతారో ఊహించుకోవచ్చు.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన మార్గదర్శకాల్లో ఖైదీలను క్రమపద్ధతిలో పరీక్షించి తీరాలంది. కనీసం జైలుకొచ్చినప్పుడు, ఏడాదికోసారి, విడుదలైనప్పుడు. ఎక్స్‌రేను చదవడానికి కంప్యూటర్ సాయం తీసుకోవచ్చని కూడా అప్పుడే ఆమోదించింది. పరికరాలకిప్పుడు పెద్ద కొరత లేదు. చేత్తో పట్టుకెళ్లే ఎక్స్‌రే యంత్రాలున్నాయి. గోవాలో తయారయ్యే ట్రూనాట్ యంత్రం బ్యాటరీ మీద నడుస్తుంది. ఏసీ గది అక్కర్లేదు. తెమడలో క్రిమి ఉందా, ముఖ్యమైన మందుకు లొంగుతుందా అన్నది గంటల్లో తేల్చేస్తుంది. 2024 డిసెంబర్ 7న కేంద్రం 347 జిల్లాల్లో మొదలుపెట్టిన వంద రోజుల క్షయ నిర్మూలన ఉద్యమంలో జైళ్లను కూడా ప్రత్యేకంగా చూడాల్సిన చోట్ల జాబితాలో చేర్చారు.

బస్తర్‌లో ఆ చిన్న యంత్రాల అవసరం మరీ ఎక్కువ. ఎందుకంటే అక్కడ ఖైదీని ఎక్స్‌రే కోసం ఆసుపత్రికి తీసుకెళ్లడమంటే ఒక పోలీసు ఆపరేషన్. ఎస్కార్ట్ కావాలి. 2007 డిసెంబర్ 16న దంతెవాడ జైలు నుంచి ఒకేసారి 299 మంది ఖైదీలు తప్పించుకుపోయారు. ఆ దెబ్బతో అధికారులకు గేటు తెరవడమంటేనే జంకు పట్టుకుంది. ఎస్కార్ట్ లేక కోర్టు వాయిదాలకే విచారణ ఖైదీలు వెళ్లలేకపోయిన సందర్భాలు ఎన్నో. కోర్టుకే దొరకని పోలీసులు తెమడ పరీక్షకు దొరుకుతారా? యంత్రమే జైలుకొస్తే ఆ సమస్య ఉండదు.

అయితే యంత్రం వచ్చి ఒకరోజు శిబిరం పెట్టి వెళ్లిపోతే దొరికేది ఆ రోజు లోపలున్నవాళ్లే. జైలు ఊరిలాంటిది కాదు, బస్టాండ్ లాంటిది. సోమవారం శిబిరంలో అందరికీ ఎక్స్‌రే తీస్తే, మంగళవారం కొత్తగా పదిమంది వస్తారు. మరో ఐదుగురు బెయిలు మీద వెళ్లిపోతారు. 2024, 2025 సంవత్సరాల్లో భద్రతా బలగాల దాడులు ముమ్మరమైనప్పుడు బస్తర్‌లో అరెస్టులు వందల్లో జరిగాయి. అలాంటి తాకిడిని ఏడాదికోసారి జరిగే శిబిరం అందుకోలేదు. తీసుకున్న తెమడ ఫలితం వచ్చేలోపే మనిషి మరో జైలుకు మారిపోయి ఉండొచ్చు కూడా. శిబిరం ఫొటో మాత్రం మర్నాడు పేపర్లో వస్తుంది.

జైలుకొచ్చే శరీరాల సంగతి కూడా చూడాలి. బిలాస్‌పూర్ జిల్లా గనియారిలో జన్ స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థ నడిపే ఆసుపత్రికి 2004-09 మధ్య వచ్చిన 1,695 మంది క్షయ రోగుల వివరాలను వైద్యులు 2013లో ప్రచురించారు. మగవాళ్లలో సగం మంది బరువు 42.1 కిలోలకు మించలేదు. ఆడవాళ్లలో సగం మంది 34.1 కిలోలకు మించలేదు. బస్తర్‌కు ఆ ఊరు దూరమే. కానీ రాష్ట్రమొకటే, పేదరికమూ ఒకటే. బస్తర్ లోపలి గ్రామాల్లో అదనంగా యుద్ధం ఉంది. సల్వాజుడుం కాలంలో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. ఆరోగ్య ఉపకేంద్రాలు మూతబడ్డాయి. 2006 నుంచి మెడిసిన్స్ శాన్స్ ఫ్రాంటియర్స్ అనే అంతర్జాతీయ వైద్యుల సంస్థ అక్కడా, సరిహద్దు దాటి ఖమ్మం అడవుల్లోకి వచ్చిన నిర్వాసితుల మధ్యా సంచార వైద్యశాలలు నడపాల్సి వచ్చింది.

తిండికీ క్షయకూ ఉన్న లంకె ఇప్పుడు అనుమానం కాదు. జార్ఖండ్‌లో జరిపిన 'రేషన్స్' పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. రోగి కుటుంబానికి నెలనెలా అదనపు ఆహారం అందిస్తే ఆ ఇంట్లో మిగతావాళ్లకు జబ్బు వచ్చే అవకాశం 39 శాతం తగ్గింది. బయట చికిత్సలో ఉన్న రోగికి నిక్షయ్ పోషణ్ యోజన కింద కేంద్రం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చింది. 2024 నవంబర్ నుంచి దాన్ని 1,000 చేసింది. అది బ్యాంకు ఖాతాలో పడే డబ్బు. ఖైదీకి ఖాతా ఉన్నా ఆ డబ్బుతో లోపల గుడ్లు కొనుక్కోలేడు. అతని తిండి జైలు వంటగది చేతిలో ఉంటుంది. జైలు డాక్టర్ రాసిచ్చే అదనపు ఆహారం చేతిలో ఉంటుంది.

చిత్రమేమిటంటే, అబూజ్‌మడ్ కొండల్లోంచి వచ్చిన యువకుడికి స్టెతస్కోప్ మొదటిసారి ఛాతీకి ఆనేది జైల్లోనే కావచ్చు. చికిత్సకు కూడా జైలు అనువైన చోటే. ఆరు నెలలపాటు రోజూ మందులు మింగాలి. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. రోగి ఎక్కడికీ పోడు. ఎదురుగా నిలబడి మింగించవచ్చు. సరైన మందులు పడితే కొన్ని వారాల్లోనే ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. ఒక్క రోగి బయటపడితే అతని పక్కన పడుకున్న వాళ్లందరినీ పరీక్షించి, జబ్బు లేనివాళ్లకు నివారణ మందులు ఇవ్వవచ్చు. చిరునామా దొరకని అడవి గ్రామంలో ఇదంతా చేయడం కంటే బ్యారక్‌లో చేయడం వంద రెట్లు తేలిక. గేటు తెరుచుకునే రోజుకు సిద్ధంగా ఉంటేనే సుమా.

బస్తర్‌లో ఆ రోజు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. 2005-12 మధ్య దంతెవాడ సెషన్స్ కోర్టులో తేలిన కేసుల్లో సగటున 95.7 శాతం నిర్దోషులుగా విడుదలతోనే ముగిశాయని జగదల్‌పూర్ లీగల్ ఎయిడ్ గ్రూప్ లెక్క తేల్చింది. అంటే లోపలికి వెళ్లినవాళ్లలో అత్యధికులు ఏదో ఒకనాడు ఇంటికే వస్తారు. మధ్యలో ఎన్నేళ్లన్నదే తేడా. 2017 ఏప్రిల్ 24న సుక్మా జిల్లా బుర్కాపాల్ దగ్గర 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఆ కేసులో పట్టుబడ్డ ఆదివాసీల్లో 121 మందిని దంతెవాడలోని ఎన్ఐఏ ప్రత్యేక కోర్టు 2022 జూలైలో నిర్దోషులని వదిలేసింది. అయిదేళ్లు గడిచాక. వాళ్ల మీద చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం పెట్టారు కాబట్టి బెయిలు కలలోని మాట. ఆ అయిదేళ్లలో ఒక్కొక్కరికీ ఎన్నిసార్లు ఎక్స్‌రే తీశారన్నది తీర్పులో తేలాల్సిన విషయం కాదు. మరెక్కడా తేలే విషయం కూడా కాదు.

2012 ఏప్రిల్‌లో మావోయిస్టులు సుక్మా కలెక్టర్ అలెక్స్ పాల్ మేనన్‌ను అపహరించి వదిలిపెట్టాక, ఆదివాసీ ఖైదీల కేసులు సమీక్షించడానికి రాష్ట్ర ప్రభుత్వం నిర్మలా బుచ్ అధ్యక్షతన కమిటీ వేసింది. 2019లో ప్రభుత్వం మారాక జస్టిస్ ఎ.కె. పట్నాయక్ అధ్యక్షతన మరో కమిటీ వచ్చింది. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షన్, మొదటిసారి కేసులో చిక్కినవాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిపితే బెయిలుకు అర్హులంటోంది. మరణశిక్షకో యావజ్జీవానికో అవకాశమున్న కేసులకు అది వర్తించదు. బస్తర్ కేసుల్లో అలాంటి సెక్షన్లకు కొదవలేదు. కేసులు తేలితే బ్యారక్‌లు ఖాళీ అవుతాయి, బ్యారక్‌లు ఖాళీ అయితే గాలి ఆడుతుంది. ఈ కమిటీలను ఎవరూ ఆరోగ్య కార్యక్రమాలుగా చూడలేదు గానీ, జైళ్లలో క్షయ నివారణకు వాటి కంటే పెద్ద మందు వైద్యశాఖ దగ్గర లేదు.

విడుదల ఉత్తర్వు సాయంత్రం జైలుకు చేరుతుంది. కాగితాలు సరిచూసి మనిషిని బయటికి పంపుతారు. రెండో నెల చికిత్సలో ఉన్నవాడైతే చేతికి ఎన్ని రోజుల మందులు ఇవ్వాలి, ఏ ఊరి ఆరోగ్య కార్యకర్తకు కబురు పంపాలి అన్నది అప్పుడు వెతుక్కుంటే కుదరదు. క్షయ రోగులందరి వివరాలూ నమోదయ్యే నిక్షయ్ పోర్టల్‌లో రోగిని ఒక చోటు నుంచి మరో చోటుకు బదిలీ చేసే వీలుంది. అందుకు కంప్యూటర్ మీట నొక్కితే చాలు. ఆ పేరును అవతల అందుకునే మనిషి కావాలి. బదిలీ అయిన చోట ఆరోగ్య కార్యకర్త పోస్టు ఖాళీగా ఉంటే, ఊరికి దారి వానాకాలంలో మూసుకుపోతే పోర్టల్‌లో మాత్రం చికిత్స సాగుతూనే కనిపిస్తుంది.

అదీగాక విడుదలైన మనిషి ఇంట్లో కూర్చోడు. ఏళ్ల తరబడి లాయరు ఫీజులకు ఆవో ఎద్దో అమ్ముకున్న కుటుంబం. జగదల్‌పూర్ నుంచి సుక్మా, కోంట, భద్రాచలం మీదుగా విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం దాకా వచ్చే 30వ నంబర్ జాతీయ రహదారి మీద ఏటా చలికాలం దాటగానే బస్తర్ కూలీలు గుంపులుగా దిగుతారు. ఖమ్మం, భద్రాద్రి, ములుగు జిల్లాల్లో మిర్చి ఏరడానికి. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ ములుగు జిల్లా నుంచి బీజాపూర్ జిల్లాలోని సొంతూరికి నడిచి వెళ్తూ 12 ఏళ్ల బాలిక ప్రాణాలు విడిచేదాకా చాలామందికి ఆ ప్రయాణం గురించి తెలియదు. మిర్చి తోట పక్కన ప్లాస్టిక్ పట్టా కింద ఇరవై మంది పడుకునే చోటు కూడా ఒకరకం బ్యారక్కే. మిరప ఘాటుకు అందరూ దగ్గుతూనే ఉంటారు. వాళ్లలో జగదల్‌పూర్‌లో సగం కోర్సు మందులు మింగి వచ్చినవాడు ఎవరో కనిపెట్టడానికి ఆ ఊరి ఆశా కార్యకర్త దగ్గర ఏ కాగితమూ ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మూడు పరీక్షల్లో మొదటిది గేటు దగ్గర ఎలాగో ఒకలా జరుగుతుంది. రెండోది మార్చి 24న క్షయ దినం వచ్చినప్పుడో, ఏదైనా ఉద్యమం ప్రకటించినప్పుడో జరుగుతుంది. మూడోది, విడుదలప్పటి పరీక్ష, జరగాలంటే జైలు సూపరింటెండెంట్‌కు, జిల్లా క్షయ అధికారికి, కోర్టు గుమాస్తాకు మధ్య ఒక ఫోన్ కాల్ నడవాలి. సాయంత్రం ఆరు దాటాక కూడా.